బెజవాడ ఎండలో రైజెన్ 5600: ఒక ఓవర్‌క్లాకింగ్ డైరీ

ఏప్రిల్ 9. గదిలో 35 డిగ్రీలు

నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. మాకు ముహూర్తాలు ముమ్మరంగా ఉండే రోజులూ, ఎండలు ముదిరే రోజులూ ఒకటే. నా గది పై అంతస్తులో, సరిగ్గా శ్లాబు కింద. పగలంతా తాగిన ఎండను ఆ శ్లాబు రాత్రి పదకొండు దాకా కక్కుతూనే ఉంటుంది. పది రోజులుగా కంప్యూటర్ పిండిమరలా మోగుతోంది. పరీక్ష కోసం ఎప్పుడూ ఒకే పెళ్లి ఫైలు దాచి ఉంచుకుంటాను. దాన్ని ఎక్స్‌పోర్ట్ చేయడానికి జనవరిలో 52 నిమిషాలు పట్టింది, ఇవాళ 54.

హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదువుతున్న మా మేనల్లుడికి ఫోను చేసి ఈ గోడు వెళ్లబోసుకున్నాను.

"మామయ్యా, నీ ప్రాసెసర్ ఓవర్‌క్లాక్ చేయడానికి, అంటే కంపెనీ పెట్టిన వేగం కంటే పైకి పరిగెత్తించడానికి, వీలున్న రకం. రెండేళ్లుగా గుర్రాన్ని కట్టేసి మేపుతున్నావు" అన్నాడు.

"ముందు దాని ఒళ్లు చల్లబడాలి కదరా, పరిగెత్తడం తర్వాత" అన్నాను. మాట వరసకే అన్నాను కానీ ఈ డైరీ అంతా చివరికి ఆ మాట చుట్టే తిరుగుతుందని అప్పుడు తెలియదు.

యంత్రం సంగతి: ప్రాసెసర్ ఏఎండీ కంపెనీ రైజెన్ 5 5600. ఆరు కోర్లు (లోపల విడివిడిగా పని చేసే భాగాలు), పన్నెండు థ్రెడ్లు (ఒక్కో కోరు ఒకేసారి పట్టే పనుల వరుసలు, రెండేసి). అట్టపెట్టె మీద మామూలు వేగం 3.5 గిగాహెర్ట్జ్, అవసరమైనప్పుడు ఎక్కే బూస్ట్ వేగం 4.4 అని ఉంది. బి450 మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్, ప్రాసెసర్‌తో పాటే వచ్చిన వ్రెయిత్ స్టెల్త్ కూలర్. ఓవర్‌క్లాక్ చేయాలంటే బోర్డు కూడా ఒప్పుకోవాలి. ఏఎండీలో నా ప్రాసెసర్ కూర్చునే ఏఎం4 సాకెట్ రకంలో ఏ320, ఏ520 బోర్డులు ఒప్పుకోవు, బీ, ఎక్స్ రకాలు ఒప్పుకుంటాయి. ఇంటెల్‌లో పేరు చివర కే ఉన్న ప్రాసెసరూ, జడ్ రకం బోర్డూ రెండూ ఉండాలి. ఇది చూసుకోకుండా ముందే కూలర్ కొనేసేవాళ్లు ఉంటారు. ఇంకొక మాట, వేగం పెంచి వాడితే కంపెనీ వారంటీ వర్తించదు. నా దానికి ఇంకా కొంత కాలం మిగిలి ఉంది. వదులుకోవడానికి సిద్ధపడ్డాను.

ఏప్రిల్ 10. గదిలో 36

ఏమీ మార్చకుండా కొలతలు మాత్రమే తీసుకున్నాను. మేనల్లుడు రెండు ఉచిత ప్రోగ్రాములు పెట్టుకోమన్నాడు: వేడి, వాట్లు, వేగం చూపే హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో, కోర్లన్నిటికీ ఒకేసారి పని పెట్టి చివర్లో మార్కులు వేసే సినీబెంచ్ ఆర్23.

పది నిమిషాల పరుగు తర్వాత వేడి 90 డిగ్రీలు, వాడిన కరెంటు 66 వాట్లు, వేగం 4.1 గిగాహెర్ట్జ్, మార్కులు 10,290.

ఈ అంకెల్లోనే కథంతా ఉంది, నాకు ఆలస్యంగా అర్థమైంది. ఈ ప్రాసెసర్‌కు 90 డిగ్రీలు గరిష్ఠ హద్దు. అక్కడికి చేరగానే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. పెట్టె మీద 65 వాట్లని రాసి ఉన్నా, సాకెట్ నుంచి 76 దాకా తీసుకునేలా ఫ్యాక్టరీలోనే అమర్చి ఉంటుంది. నాది 66 దగ్గరే ఆగిపోయిందంటే వేడి దాని చేతులు కట్టేస్తోంది. అంటే కంపెనీ ఇచ్చిన వేగమే నాకు పూర్తిగా అందడం లేదు. దీని మీద ఇంకా వేగం పెంచాలని కూర్చున్నాను!

ఏప్రిల్ 12

దుమ్ము దులిపాను. కూలర్ రెక్కల మధ్య దుమ్ము గుడ్డ ముక్కలా పేరుకుని, పట్టి లాగితే అట్టులా ఊడి వచ్చింది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో కదలకుండా పట్టుకోవాలి. వదిలేస్తే అది బొంగరంలా తిరిగి బేరింగు పాడవుతుంది. క్యాబినెట్ ముందు భాగంలో గాలి లోపలికి వచ్చే చోట పాత దోమతెర ముక్క కత్తిరించి బిగించాను. మరీ సన్నటి గుడ్డ కడితే దుమ్ముతో పాటు గాలి కూడా ఆగిపోతుంది. దోమతెర కన్ను సరిగ్గా సరిపోయింది.

మళ్లీ పరుగు. వేడి 89, వాట్లు 73, మార్కులు 10,560. పైసా ఖర్చు లేకుండా 270 మార్కులు. పక్క తలుపు తీసి నడిపితే ఇంకో మూడు డిగ్రీలు తగ్గింది. అంత తేడా వచ్చిందంటే క్యాబినెట్ లోపల గాలి సరిగ్గా ఆడడం లేదన్నమాట. చూస్తే వెనక ఫ్యాను తిరగబడి ఉంది. బయటికి పంపాల్సింది లోపలికి లాగుతోంది. ఫ్యానులో నాలుగు కాళ్ల చట్రం కనిపించే వైపు నుంచి గాలి బయటికి వస్తుంది. ఆ పక్క బయటికి ఉండాలి. బిగించింది నేనే కాబట్టి ఎవరినీ తిట్టుకోలేదు.

ఏప్రిల్ 13

సిగ్గుపడాల్సిన విషయం. నా ర్యామ్ ప్యాకెట్ మీద వేగం 3200 అని ఉంటుంది. ఇవాళ బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు అమరికల తెర) చూస్తే 2400 దగ్గర నడుస్తోంది. ఎక్స్‌ఎంపీ అనే అమరికను మనమే వెళ్లి ఆన్ చేయాలి. రెండేళ్లుగా చేయలేదు. ఒక్క మీట నొక్కడంతో ఎక్స్‌పోర్ట్ సమయం 52 నిమిషాల 40 సెకన్ల నుంచి 50కి దిగింది. ఈ పనికి కొత్తవాళ్లు ఎవరైనా అడిగితే ముందుగా చెప్పేది ఇదే. సినీబెంచ్ మార్కుల్లో మాత్రం దీని ప్రభావం దాదాపు కనిపించలేదు. కాబట్టి పరీక్షగా మన సొంత పని కూడా ఒకటి దగ్గర ఉండాలి.

ఏప్రిల్ 17

పెళ్లి షూటింగు పని మీద సికింద్రాబాద్ వెళ్లాను. తిరిగి వచ్చేలోపు పార్క్‌లేన్‌లో చినాయ్ ట్రేడ్ సెంటర్, అదే మనందరి సీటీసీ కంప్యూటర్ బజారులో దిగి టవర్ కూలర్ ఒకటి కొన్నాను. నాలుగు రాగి గొట్టాలు, ఒక 120 మిల్లీమీటర్ల ఫ్యాను, ఎత్తు 155 మిల్లీమీటర్లు. ఆ ఎత్తు ముఖ్యం. నా క్యాబినెట్‌లో 160 దాకా పడుతుందని ముందే స్కేలుతో కొలుచుకుని వెళ్లాను.

నీళ్లతో చల్లబరిచే ఆల్ ఇన్ వన్ రకం తీసుకోమని కొట్లో కుర్రాడు చాలా చెప్పాడు. నా ప్రాసెసర్‌కు అవసరం లేదనిపించింది. అసలు ఈ రాగి గొట్టాల్లో కూడా ఉండేది నీళ్లే. గొట్టంలో గాలి తీసేసి కొద్దిగా నీళ్లు పోసి మూసేస్తారు. ఒత్తిడి తక్కువ కాబట్టి ఆ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. కింద ప్రాసెసర్ దగ్గర ఆవిరై, పైన రెక్కల దగ్గర చల్లబడి మళ్లీ నీరై, గొట్టం లోపలి గోడకున్న వత్తిలాంటి పొర వెంట కిందికి దిగుతాయి. ఇడ్లీ పాత్ర మూతకు పట్టిన నీళ్లు మళ్లీ అడుక్కి జారినట్టు. పంపు లేదు, కారేది లేదు, పాడయ్యేది ఫ్యాను ఒక్కటే.

ఏప్రిల్ 20, ఆదివారం

ఇవాళ్టిది వివరంగా రాస్తాను. ఇదే తప్పు మీరు చేయకూడదని.

పాత కూలర్‌కు నాలుగు స్ప్రింగు మరలు. వాటిని ఐమూలగా కొద్దికొద్దిగా వదులు చేశాను, అంతవరకు బాగానే ఉంది. మరలన్నీ ఊడాక కూలర్‌ను రెండు చేతులతో పట్టుకుని నిటారుగా పైకి లాగాను. రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగాను. టప్పుమని శబ్దం. చేతిలోకి కూలర్ వచ్చింది, దాని అడుగున ప్రాసెసర్ అతుక్కుని వచ్చింది. సాకెట్ లివరు ఇంకా లాక్ వేసినట్టే ఉంది, లోపల మాత్రం ఖాళీ.

ఏఎం4 ప్రాసెసర్ల అడుగున 1,331 పిన్నులు ఉంటాయి, సూది మొనల్లా సన్నగా. ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్టు రెండేళ్లలో ఎండి జిగురులా పట్టేసింది. లాగడానికి ముందు యంత్రాన్ని పావుగంట బాగా పని చేయించి, ఆపి, ఆ వేడి మీద మరలు ఊడదీసి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి ఉంటే పేస్టు పట్టు వదిలేది. ఈ సలహా నిన్న రాత్రే మేనల్లుడు చెప్పాడు. నేను చల్లారిన యంత్రం మీద చేయి వేశాను.

వణుకుతున్న చేతులతో దాన్ని తిప్పి చూశాను. మూడు పిన్నులు వంగి ఉన్నాయి. మూలన రెండు, ఆ పక్క వరుసలో ఒకటి. విరిగినవి లేవు.

జాకెట్లు కుట్టే గట్టి దారం తీసుకుని కూలర్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య రంపంలా ఆడించి విడదీశాను. మా ఆవిడ ఫోను టార్చి పట్టుకుంది. పాత ఏటీఎం కార్డును వరుసల మధ్య సందులో నిలువుగా దూర్చి, వంగిన పిన్ను మీదికి ఆనించి, ఊపిరి బిగబట్టి జరిపాను. రెండు లేచాయి. మూడోది మరీ పడుకుంది. మీట నొక్కితే ములికి దిగే మెకానికల్ పెన్సిల్ ఉంటుంది కదా, 0.5 మిల్లీమీటర్లది, ములికి తీసేసి దాని మొనను పిన్నుకు గొట్టంలా తొడిగి నిలబెట్టాను. కళ్లద్దాలు ఒకటి మీద ఒకటి రెండు పెట్టుకున్నాను. తర్వాత నాలుగు వైపుల నుంచీ కంటి మట్టానికి ఎత్తి చూశాను. వరి నాటిన మడిలా వరుసలు తిన్నగా కనిపించే దాకా వదల్లేదు. ఈ మొత్తానికి గంటన్నర. చివరికి ప్రాసెసర్ సాకెట్‌లోకి తన బరువుతో తానే జారిపడింది. నొక్కాల్సి వచ్చిందంటే ఇంకా ఎక్కడో వంకర ఉన్నట్టే. నొక్కకూడదు.

మరలు తీయగానే బోర్డు వెనక ఉండే ఇనుప పలక కూడా ఊడి కింద పడుతుంది. కొత్త కూలర్ దాని మీదే నిలవాలి. దాన్ని వెనక టేపు వేసి ఆపాను.

పేస్టు మధ్యలో బఠాణీ గింజంత. దాని పని లోహాల మధ్య కంటికి కనపడని గుంటల్లో గాలిని తొలగించడం మాత్రమే, దళసరిగా పూస్తే అదే అడ్డమవుతుంది. పాత పేస్టు తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, కళ్లద్దాలు తుడిచే గుడ్డ వాడాను. చేతులకు రాసుకునే శానిటైజర్ వద్దు, అందులో జిడ్డు కలుపుతారు.

మీట నొక్కాను. ఫ్యాను తిరిగింది. తెర మీద వెలుగు రావడానికి ఇరవై సెకన్లు పట్టింది. ఆ ఇరవై సెకన్లూ ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

ఏప్రిల్ 21. గదిలో 35

ఏ అమరికా మార్చకుండానే పరుగు: వేడి 72, వాట్లు 76, వేగం 4.28, మార్కులు 10,770. శబ్దం సగానికి సగం తగ్గింది.

ఈ పరుగులో ఒక చిన్న లెక్క దొరికింది. గది 35, ప్రాసెసర్ 72. తేడా 37. దాన్ని 76 వాట్లతో భాగిస్తే వాటుకు దాదాపు అర డిగ్రీ. పాత కూలర్‌కు ఇదే లెక్క వేస్తే, దుమ్ము దులిపాక కూడా వాటుకు ముప్పాతిక డిగ్రీ. గాలి కూలర్ ఎంత గొప్పదైనా గది కంటే చల్లగా చేయలేదు. అది చేసేది గది వేడి మీద ఎంత పెరగాలో నిర్ణయించడమే. కనుక బెంగళూరులో ఎవరో 25 డిగ్రీల గదిలో చూపించిన అంకెకు మే నెల బెజవాడలో పన్నెండు, పదిహేను కలిపి చదువుకోవాలి.

ఇంత పెద్ద కూలర్ పెట్టినా 60ల్లోకి రాలేదేమిటని మేనల్లుడిని అడిగాను. ప్రాసెసర్ పై మూత పెద్దదే కానీ కింద వేడి పుట్టే చిప్ 80 చదరపు మిల్లీమీటర్లే అన్నాడు. చేతి వేలి గోరంత. అంత చిన్న చోట నుంచి అన్ని వాట్లు బయటికి రావాలంటే దారే ఇరుకు.

ఏప్రిల్ 26. గదిలో 37

ఇవాళ అసలు ఓవర్‌క్లాకింగ్. నాకు ఈ మాట పరిచయమైంది ఇంటెల్ సెలెరాన్ 300ఏ రోజుల్లో. 1998లో వచ్చిన ఆ చిప్‌ను బోర్డుతో కలిపే దారి, అంటే బస్సు, వేగం 66 మెగాహెర్ట్జ్, గుణకం 4.5. రెంటినీ గుణిస్తే చిప్ వేగం. బస్సును 100 చేస్తే 300 కాస్తా 450 అయ్యేది. సగానికి సగం ఎక్కువ, ఉచితంగా. ఆ ఆశతోనే కూర్చున్నాను. ఇప్పటి చిప్‌లలో అంత మిగులు ఉండదు, ఉన్నదాన్ని ఫ్యాక్టరీలోనే పిండేస్తున్నారు.

బయోస్‌లో కోర్లన్నిటికీ 4.6, వోల్టేజీ 1.25 ఇచ్చాను. తెర నల్లగానే ఉండిపోయింది. రెండు సార్లు ఆపి వేసినా అంతే. ప్లగ్గు తీసి, బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 బ్యాటరీని అయిదు నిమిషాలు బయట పెడితే బయోస్ మొదటికి వచ్చింది. మొదటిసారి ఇలా అయితే ప్రాసెసర్ పోయిందని ఏడవక్కర్లేదు. ర్యామ్ అమరిక మాత్రం మళ్లీ ఆన్ చేసుకోవాలి.

తర్వాత 4.5, వోల్టేజీ 1.3. ఇది ఎక్కింది. మార్కులు 11,310. వేడి 88, వాట్లు 105!

29 వాట్లు ఎక్కువ తిని 540 మార్కులు ఎక్కువ ఇచ్చింది. కారణం చిన్నదే. కరెంటు ఖర్చు వేగంతో పాటు సమానంగా పెరుగుతుంది, వోల్టేజీతో మాత్రం దాని వర్గంగా పెరుగుతుంది. 1.2ను 1.3 చేస్తే పెరిగింది ఎనిమిది శాతమే అనిపిస్తుంది, ఖర్చు పదిహేడు శాతం పెరుగుతుంది. ఆ పైన వేగం ఖర్చు వేరే. పైగా ఇలా ఒకే వేగానికి బిగిస్తే ఖాళీగా ఉన్నప్పుడు కూడా వోల్టేజీ దిగదు. మెయిల్ చదువుతున్నా 1.3 వోల్టులే.

రెండు గంటలకు కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద ఫ్యాను, లైటు మాత్రమే ఉంచి యంత్రాన్ని ఆపేశాను. వేసవి మధ్యాహ్నం బయోస్ అప్‌డేట్ మాత్రం ఎప్పుడూ పెట్టుకోకండి.

మే 2. గదిలో 38

మేనల్లుడు దారి మార్చమన్నాడు. "పైకి ఎక్కించడం ఆపు మామయ్యా. కింది నుంచి తియ్యి."

కర్వ్ ఆప్టిమైజర్ అనే అమరిక. ప్రతి వేగానికీ ఎంత వోల్టేజీ కావాలో ఫ్యాక్టరీ ఒక పట్టిక ఇస్తుంది. బలహీనమైన చిప్‌కు కూడా సరిపోవాలి కాబట్టి అందులో కొంత ధారాళంగా పోస్తుంది. ఆ పట్టికను ఒక్కో కోర్‌కు ఇంత అని కిందికి దించవచ్చు, దీన్నే అండర్‌వోల్టింగ్ అంటారు. ఒక్కో మెట్టు సుమారు మూడు నుంచి అయిదు మిల్లీవోల్టులు, కిందికి 30 మెట్ల దాకా. వోల్టేజీ తగ్గితే వేడి తగ్గుతుంది, వాట్ల హద్దులో చోటు మిగులుతుంది, ఆ చోటులోకి ప్రాసెసర్ తన వేగాన్ని తానే పెంచుకుంటుంది.

ఆశ ఆగలేదు. ఆరు కోర్లకూ ఒకేసారి మైనస్ 30. సినీబెంచ్ నవ్వుతూ పూర్తి చేసింది. 11,240. అదే 76 వాట్లు. రాత్రి ఫోనులో గొప్పలు చెప్పుకున్నాను.

మే 4

గొప్పలు వెనక్కి తీసుకుంటున్నాను.

నిన్న ఒక పెళ్లి ఎక్స్‌పోర్ట్ చేశాను. ఇచ్చే ముందు ఒకసారి మొత్తం చూడటం నా అలవాటు. తలంబ్రాల దగ్గర, ఒకే ఒక్క ఫ్రేములో, పెళ్లికూతురి బాసికం మీద ఆకుపచ్చ చతురస్రం. తల తిప్పుకుంటే కనపడదు. వెనక్కి లాగి ఫ్రేము ఫ్రేముగా చూస్తే ముత్యాల వరుస సగానికి తెగి, అక్కడ పచ్చ రంగు ముక్క అతికించినట్టుంది. టైమ్‌లైన్‌లో అసలు ఫైలు శుభ్రంగానే ఉంది. ఆ ఇంటివాళ్లు ఆ క్షణాన్ని ఎన్ని వందల సార్లు చూస్తారో నాకు తెలుసు.

ఇవాళ ఉదయం లేచి చూస్తే యంత్రం తనంతట తాను రీస్టార్ట్ అయి, పాస్‌వర్డ్ అడుగుతూ కూర్చుని ఉంది. రాత్రి దానికి ఏ పనీ అప్పగించలేదు.

ఇకపై పరీక్షలు పూర్తయ్యే దాకా డబ్బులు తీసుకున్న పని ఈ అమరికల మీద చేయను. బయోస్‌లో మామూలు అమరికను ఒక ప్రొఫైల్‌గా దాచి, పగలు దానితోనే పని.

మే 5 నుంచి 9 దాకా

పని లేనప్పుడు ఎందుకు కూలింది? మొదట అర్థం కాలేదు. అన్ని కోర్లూ పని చేస్తున్నప్పుడు వేగం 4.4 దగ్గర ఉంటుంది. ఏ పనీ లేని వేళ విండోస్ చిన్న పని ఏదో ఒకే కోరుకు ఇస్తుంది, అది క్షణంపాటు 4.45 దాకా లంఘిస్తుంది. అక్కడ వోల్టేజీ చాలకపోతే పడిపోతుంది. సినీబెంచ్ ఆ చోటును తట్టనే తట్టదు. పరీక్ష గట్టెక్కామని నేను మురిసిపోయింది తప్పు పరీక్ష రాసి.

విండోస్ తప్పులు నమోదు చేసే ఈవెంట్ వ్యూయర్‌లో నేరస్తుడి పేరు రాసే ఉంది. హ్వీయా లాగర్ (హార్డ్‌వేర్ తప్పుల పద్దు), ఈవెంట్ 18, దాని కింద ఏపిక్ ఐడీ (థ్రెడ్ నంబరు) 4. ఒక్కో కోరుకు రెండు థ్రెడ్లు కాబట్టి 4ను రెండుతో భాగిస్తే 2. సున్నా నుంచి లెక్కపెడితే మూడో కోరు. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో కోర్లకు ర్యాంకులు కూడా చూపుతుంది. ఇది మొదటి ర్యాంకు కోరు! బడిలో ఫస్టు వచ్చే పిల్లాడికే అన్నం తగ్గించినట్టయింది. మంచి కోర్లకు ఫ్యాక్టరీ ముందే వోల్టేజీ కోసి ఇస్తుంది, వాటిలో మనం తీయగలిగింది తక్కువ. వెనక ర్యాంకుల వాటిలోనే ధారాళం ఎక్కువ.

కోర్‌సైక్లర్ అనే ఉచిత స్క్రిప్టు ఉంది. ప్రైమ్95 అనే లెక్కల పరీక్షను ఒక్కో కోరు మీద విడివిడిగా నడుపుతూ పోతుంది. మంచి ర్యాంకు రెంటికీ మైనస్ 12, మిగతా నాలుగింటికీ మైనస్ 25 పెట్టి రాత్రంతా వదిలాను. తెల్లారేసరికి చివరి కోరు ఒక తప్పు చేసింది. దాన్ని 20కి తెచ్చాను. రెండో రాత్రి ఇంకొకటి. మూడో రాత్రి, నాలుగో రాత్రి తప్పుల్లేవు. విసుగు పుట్టించే పని. కానీ ఓవర్‌క్లాకింగ్ అంటే నిజానికి ఈ నాలుగు రాత్రులే, మిగతాది మీటలు నొక్కడం.

ఇప్పుడు 76 వాట్ల దగ్గర మార్కులు 11,120, ఎక్స్‌పోర్ట్ 47 నిమిషాల 30 సెకన్లు. బిగించిన 4.5తో పోలిస్తే 190 మార్కులు తక్కువ, 29 వాట్లు తక్కువ. నాకు బేరం నచ్చింది.

మే 13. బయట 44, గదిలో 40

మా అమ్మ జాలిపడి ఎయిర్ కూలర్ తెచ్చి యంత్రం పక్కన పెట్టింది. "దానికి కూడా కాస్త గాలి తగలనివ్వరా." తేమకు లోపల నీళ్లు పడతాయని కొందరు భయపెడతారు. గాలి కంటే వేడిగా ఉన్న వస్తువు మీద తేమ బిందువులు పట్టవు, లోపలి భాగాలన్నీ గాలి కంటే వేడివే. అసలు ప్రమాదం తుంపర్లది. తొట్టి నిండా పోస్తే తడిక నుంచి చినుకులు ఎగురుతాయి, ఎండాక తెల్లటి ఉప్పు పొర మిగులుతుంది. కూలర్‌ను గది ఆ మూలకు జరిపి, మొహం నా వైపు తిప్పాను. అమ్మకు తృప్తి, నాకు గాలి.

పక్క గదిలో ఏసీ ఉంది. అక్కడికి మోసుకెళ్లి 29 డిగ్రీల్లో పెట్టి, వాట్ల హద్దు 88కి, గరిష్ఠ వేగానికి ఇంకో 100 మెగాహెర్ట్జ్ ఇచ్చి చూశాను. 4.52 గిగాహెర్ట్జ్, 72 డిగ్రీలు, 11,370. ఎక్స్‌పోర్ట్ 46. నేను పెంచింది హద్దు మాత్రమే, వోల్టేజీని బిగించలేదు. బిగించిన 4.5 అమరికను 17 వాట్లు తక్కువతో దాటేసింది. మళ్లీ ఒక రాత్రి కోర్‌సైక్లర్ వదిలాను, నిలబడింది.

మే 19

ఫ్యాను వేగం సర్దాను. ఈ రైజెన్ల వేడి అంకె సెకనులో పది డిగ్రీలు ఎగిరి దిగుతుంది, దాని వెంట ఫ్యాను కూడా ఊపిరి ఆడని వాడిలా హుమ్మని లేచి పడుతుంది. బయోస్‌లో ఫ్యాను స్పందనకు అయిదు సెకన్ల ఆలస్యం పెట్టాను, 70 డిగ్రీల దాకా సగం వేగం చాలన్నాను. ఆ రొద పోయింది.

మే 27. రోహిణి కార్తె. గదిలో 41

రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు. రోలు సంగతి తెలియదు, ఏసీ గదిలో చుట్టాలు దిగారు. యంత్రం మళ్లీ శ్లాబు కిందికి వచ్చింది.

ఒక ఆలోచన వచ్చి ఎకో మోడ్ పెట్టాను. వాట్ల హద్దు 76 నుంచి 61కి దిగుతుంది. కోర్ల వోల్టేజీ కోత అలాగే ఉంచాను. నా అర డిగ్రీ లెక్క ప్రకారం 41 మీద 30, అంటే 71 రావాలి. వచ్చింది 71. మార్కులు 10,690.

మొదటి రోజు 35 డిగ్రీల గదిలో 90 దగ్గర రొప్పుతూ 10,290 తెచ్చుకున్న ప్రాసెసరే ఇది. ఇప్పుడు 41 డిగ్రీల గదిలో, అయిదు వాట్లు తక్కువ తింటూ, 400 మార్కులు ఎక్కువ ఇస్తోంది. బయోస్‌లో రెండు ప్రొఫైళ్లు దాచాను: పగటికి 61, ఏసీ దొరికిన రాత్రికి 88. అంకెలన్నీ మేనల్లుడికి పంపాను.

"ఓవర్‌క్లాకింగ్ మొదలుపెట్టి అండర్‌వోల్టింగ్‌లో తేలావు" అని రాశాడు.

తలంబ్రాల ఫైలు మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేశాను. 49 నిమిషాలు. బాసికం దగ్గర ఫ్రేము ఫ్రేముగా చూశాను. ముత్యాలన్నీ ఉన్నాయి.